పుర్రచేతి మౌస్

ఫిలింనగర్‌లో అనుమానానికి ఏనాడూ కొరత లేదు. కథ చెప్పడానికి వచ్చినవాడు నిర్మాతని అనుమానిస్తాడు, నిర్మాత కథ చెప్పేవాడిని అనుమానిస్తాడు, పక్క టేబుల్‌వాడు వింటున్నాడేమోనని ఇద్దరూ కలిసి గొంతు తగ్గిస్తారు. అలాంటి చోట కూడా తిరుమలేశ్‌కి ఆ విషయంలో ప్రత్యేకమైన పేరుంది. స్టూడియోలో అతన్ని వెనకాల అనుమానప్పక్షి అనేవాళ్ళు. అలా అంటున్నారేమోనని అతనికి అనుమానం కూడా ఉండేది.

అతని పని రోప్‌లు చెరపడం. సినిమాలో హీరో గాల్లోకి లేచి పదిమందిని తంతాడు కదా, నిజానికి ఆయన నడుముకి తాళ్ళు కట్టి పైకి లాగుతారు. ఆ తాళ్ళు తెరమీద కనపడకుండా ఒక్కొక్క ఫ్రేములోనూ చెరిపేసి, వాటి వెనకున్న ఆకాశమో గోడో ఆ ఖాళీలో మళ్ళీ పూయాలి. పని బాగా చేస్తే ఎవరూ చూడరు, చెడగొడితే ఊరంతా చూస్తుంది. ఈ గీత తాడుదేమో, ఆ నీడ తాడుదేమో అని అనుమానించబట్టే అతని షాట్లు శుభ్రంగా ఉండేవి. చిక్కల్లా ఏమిటంటే, పని అయ్యాక కూడా అతను ఆ చూపు దించేవాడు కాదు. బోరబండలోని ఇంట్లో పాలు పొంగితే మంట పెంచిందెవరని భార్య రాజమ్మని అడిగేవాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే.

మనిషి పుర్రచేతివాటం. చిన్నప్పుడు బళ్ళో పంతులు ఎడమచేయి వెనక్కి విరిచి కట్టేసి కుడిచేత్తో అక్షరాలు దిద్దించాడు. తండ్రి హనుమంతు మేస్త్రీ పని చేసేవాడు, ఆయన కూడా కుడిచేత్తోనే అన్నం తినడం నేర్పాడు. దానితో తినడం, రాయడం కుడిచేతికి వెళ్ళిపోయాయి. సన్నపనులు మాత్రం ఎడమచేతిని వదల్లేదు. పెళ్ళికి ముందే ఫిలిం లేబొరేటరీలో చేరి, నెగెటివ్ కత్తిరించే పని ఎడమచేత్తోనే చేశాడు. లేబొరేటరీలు మూతపడ్డాక కంప్యూటర్ ముందుకొచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా ఎలక్ట్రానిక్ పెన్నుతో చెరుపుతారు. పెన్ను అనేసరికి తిరుమలేశ్‌కి కుడిచేయి ముందుకొస్తుంది, ఆ చేతికి ఈ పని రాదు. మౌస్ సంగతి పంతులికి తెలియదు గనక అది ఎడమచేతికి దక్కింది. అందుకే ఈ కాలంలో కూడా అతను మౌస్ పట్టుకునే చెరిపేవాడు.

పుర్రచేతివాళ్ళకి మౌస్ మీటలు తిరగెయ్యాలి. అందరికీ చూపుడువేలు కింద పడే మీట ఎడమది, వీళ్ళకి కుడిది. కంప్యూటర్‌లోని మౌస్ సెట్టింగుల్లో కుడి, ఎడమ అని రెండు బొత్తాలుంటాయి. ఎడమ అన్నది నొక్కితే సరిపోతుంది. మొన్న దసరా ముందు స్టూడియోలో అన్ని మిషన్లలోనూ కొత్త లినక్స్, అంటే కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కించేవరకూ అతని మౌస్‌తో ఏ పేచీ లేదు.

కొత్తది ఎక్కాక మొదలైంది తమాషా. పొద్దున వచ్చి కూర్చుంటే మీటలు తారుమారుగా ఉండేవి. సెట్టింగ్ తెరిచి బొత్తం మార్చేవాడు, బాగయ్యేది. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి మళ్ళీ తారుమారు. మళ్ళీ మార్చేవాడు, సాయంత్రం దాకా బాగుండేది. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. అతను కుర్చీలో ఉన్నంతసేపూ మౌస్ బుద్ధిగా ఉండేది, లేచి వెళ్తే చాలు తిరగబడేది. ఇది చూసి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. తిరుమలేశ్‌కి మండలేదు, తృప్తిగా అనిపించింది. ఇన్నాళ్ళూ గాలిలో తిరుగుతున్న అతని అనుమానానికి కూర్చోవడానికి ఒక కొమ్మ దొరికింది.

పక్క కుర్చీలో నిహారిక ఉంది. కాకినాడ వైపు పిల్ల, చేరి ఎన్నో రోజులు కాలేదు. పెన్నుతో చకచకా చెరుపుతుంది, షాట్లు త్వరగా పూర్తిచేస్తుంది. అతను పక్కకి వస్తే తెర మీద కిటికీ టక్కున మూసేస్తుంది. పైగా ఒకరోజు తనంతట తానే అడిగింది.

"అంకుల్, మీరు లంచ్‌కి ఎప్పుడు లేస్తారండీ?"

"ఎందుకు?"

"ఊరికే. ఇద్దరం కలిసి తిందామని."

"నేను ఒక్కణ్ణే తింట," అన్నాడు తిరుమలేశ్. ఆ రోజు పప్పులో ఉప్పు ఉందో లేదో కూడా అతనికి తెలియలేదు. తను ఎప్పుడు లేస్తాడో ఈ పిల్లకెందుకు?

అప్పటినుంచి కాపలా మొదలుపెట్టాడు. భోజనానికి వెళ్ళేముందు మౌస్‌ని బల్లకి కలుపుతూ సన్నని టేపు ముక్క అంటించాడు, ఎవరు కదిపినా ఊడిపోయేటట్టు. తిరిగొచ్చి చూస్తే టేపు చెక్కుచెదరలేదు, మీటలు మాత్రం తిరగబడ్డాయి. ఇంకొకరైతే, ఎవరూ ముట్టుకోలేదు కాబోలు అనుకునేవాళ్ళు. తిరుమలేశ్ అలా అనుకోలేదు. ఆ స్టూడియోలో చెరిపేవాళ్ళందరికీ లోపలికెళ్ళే పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే, సెట్టింగులన్నీ సర్వర్లో ఒకే చోట ఉంటాయి. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా పని ఆగకూడదని పెట్టుకున్న ఏర్పాటు అది. అయితే ఆ పిల్ల తన మిషన్‌లోంచే చేస్తోందన్నమాట అనుకున్నాడు. ముట్టుకోకుండా చేస్తోందంటే ఎంత తెలివైందో అని ఆ పిల్లని లోపల్లోపల మెచ్చుకున్నాడు కూడా.

ఒకరోజు భోజనానికి లేవనే లేదు. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెర మీద పెట్టి అక్కడే తిన్నాడు. ఆ రోజు మౌస్ సాయంత్రం దాకా మాట తప్పలేదు. మర్నాడు పొద్దున కూడా సవ్యంగానే ఉంది. చూసినవా, నేను కూసుంటే భయపడ్డది అని రాజమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. ఎవరు భయపడ్డారో రాజమ్మ అడగలేదు, ఆమెకి అలవాటే. ఆ మధ్యాహ్నం మళ్ళీ భోజనానికి కిందికి వెళ్ళి వచ్చాడు. మౌస్ మళ్ళీ తిరగబడి ఉంది. ఇంకేం రుజువు కావాలి?

ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథే. ఆ వారం క్లైమాక్స్ ఫైటు వచ్చింది. హీరో కొండ అంచు మీదనుంచి దూకే షాట్ తిరుమలేశ్‌కి ఇచ్చారు. భోంచేసి వచ్చిన తొందరలో సెట్టింగ్ మార్చడం మరిచిపోయి పనిలోకి దిగాడు. ఒకటి నొక్కబోతే ఒకటి నొక్కుకుపోయింది, చెరపాల్సింది మిగిలింది, ఉండాల్సింది చెరిగింది. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయిన రోజు కావడంతో అతను చూసుకోలేదు. సాయంత్రం డైరెక్టర్ ముందు షాట్ వేసి చూపిస్తే రోప్ నిక్షేపంగా ఉంది, హీరోకి మోచేయి లేదు.

హాల్లో ఒకడు నవ్వాడు, ఆ వెంటనే అందరూ నవ్వారు. నిహారిక నవ్విందో లేదో తిరుమలేశ్ చూడలేదు. నవ్వే ఉంటుందని నిర్ణయించుకున్నాడు.

స్టూడియో యజమాని రవిచంద్ర గదిలోకి పిలిచాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచని మనిషి. అందుకే ఆయన గదిలోకి వెళ్ళాలంటే అందరికీ భయం.

"తిరుమలేశ్ గారూ, ఏంటండీ ఇది? మీ చేతికి ఏమన్నా అయిందా?"

చేతికి అన్న మాట తిరుమలేశ్‌కి సూటిగా తగిలింది. ఆ చేయి పోతే తన దగ్గర ఇంకేముంది?

"నా చెయ్యికి ఏం గాలే సార్. నా మౌస్ ఖరాబ్ చేస్తున్నరు. గా పిల్ల చేస్తున్నది, నిహారిక. నా షాట్లు ఆమెకి రావాలని."

"ఊరికే అనకండి. మీరు చూశారా?"

చూడలేదు. టేపు చూశాడు, ఖాళీ కుర్చీ చూశాడు, మూసుకుపోయిన కిటికీ చూశాడు. కానీ ఇన్నాళ్ళుగా మనసులో ఎన్నిసార్లు చూసుకున్నాడో, అది కళ్ళతో చూసినదానికి తీసిపోలేదు.

"చూసిన సార్. నా కండ్లతోని చూసిన," అన్నాడు.

రవిచంద్ర బల్ల మీద వేళ్ళు ఆడించాడు. "సినిమా రిలీజ్ ముందు ఇలాంటివి పెట్టుకోలేను. మీరు చూశానంటే ఇక నేను వేరే అడిగేదేం లేదు. ఈ శుక్రవారంతో ఆ అమ్మాయిని మానిపిస్తాను," అన్నాడు.

అంతే, ఒక్క మాటతో అయిపోయింది. సొంతూరు వదిలి ఇక్కడికొచ్చి, కృష్ణానగర్‌లో హాస్టల్ గదిలో ఉంటూ పనిచేసుకుంటున్న పిల్ల ఉద్యోగం ఊడింది. అదీ దొంగపని చేసిందన్న ముద్రతో. ఫిలింనగర్‌లో ఒక స్టూడియోలో అలాంటి పేరొస్తే రెండో స్టూడియో గేటు దగ్గరికి అది ముందే చేరుతుంది. ఈ సంగతి తిరుమలేశ్‌కి బాగా తెలుసు. తెలిసే అన్నాడు. ఆ రోజు షేర్ ఆటోలో బోరబండ వెళ్తూ గెలిచినట్టే కూర్చున్నాడు గానీ, ఇంటికెళ్ళాక అన్నం సరిగా తినలేదు.

మర్నాడు భోజనం చేసి పైకి వచ్చేసరికి నిహారిక తన కుర్చీని అతని మిషన్‌వైపు తిప్పుకుని కూర్చుని ఉంది. మౌస్ ఎప్పటిలాగే తారుమారు.

"అంకుల్, మళ్ళీ మారిపోయిందా అండీ?"

"నీకెట్ల ఎరుక?" అన్నాడు అతను చురుగ్గా.

"రోజూ మీరు తిట్టుకుంటూ మార్చుకోవడం వింటున్నాను కదండీ. ఒకసారి చూద్దామా? నేను ముట్టుకోను. మీరే చెయ్యండి, నేను చెప్తాను." అని రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఇందులో ఏదో మెలిక ఉందని తిరుమలేశ్‌కి తోచింది. నా చేత్తోనే ఏదో చెయ్యించి నా మీదికే నెడుతుందా? అయినా ఆ చేతుల మీద ఒక కన్ను ఉంచి కూర్చున్నాడు.

"ముందు సెట్టింగ్ తెరవండి. ఇప్పుడు ఏది నొక్కి ఉంది?"

"కుడి."

"మీరు భోజనానికి వెళ్ళేముందు ఏది నొక్కి ఉంది?"

"నేనేం ముట్టలే. అదే ఉండొచ్చు."

"అంటే కుడి అనే ఉంది. కానీ పొద్దుటినుంచి మీకు ఎడమచేతివాటంగా పనిచేసింది. ఎలా అంకుల్?"

ఇన్ని రోజుల్లో అతను ఒక్కసారి కూడా బొత్తం పక్కన ఏం రాసి ఉందో చదవలేదు. ఉన్నదాన్ని వదిలి రెండోది నొక్కేవాడు, అంతే. ఎదుటివాళ్ళ మొహంలో ప్రతి గీతా చదివే మనిషికి తన కళ్ళెదుట ఉన్న రెండు మాటలు చదవడానికి తీరిక లేకపోయింది.

"అయితే మీటలు తిప్పేది ఇంకోటి ఏదో ఉంది," అంది నిహారిక. "మనం లాగిన్ అవ్వగానే దానంతటదే నడిచేవి కొన్ని ఉంటాయి. అవి చూద్దాం."

ఆమె ఒక్కొక్క అక్షరం చెప్పింది, అతను కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్కటే కొట్టాడు. ఒక చిన్న ఫైలు తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క ఆజ్ఞ ఉంది, మౌస్ మీటలు అటుదిటు చెయ్యమని. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో తిరుమలేశ్ పేరు ఉంది. ఆ పేరులో ఒక అక్షరం తగ్గింది. అతను తన పేరు ఇంగ్లీషులో ఎప్పుడు రాసినా అలాగే తగ్గిస్తాడు.

"ఇది ఎవరు రాశారండీ?" అంది ఆమె.

తిరుమలేశ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. అప్పట్లో సిస్టమ్స్ చూసే వరప్రసాద్ అని ఒకాయన ఉండేవాడు. పాత లినక్స్‌లో ఆ ఎడమ బొత్తం పనిచేసేది కాదు. అందుకని ఆయన ఒకనాడు ఫోన్‌లోనే ఈ వాక్యం చెప్పి, పైన పేరుతో సహా తిరుమలేశ్ చేతనే కొట్టించాడు. మౌస్ బాగయ్యింది, తిరుమలేశ్ మరిచిపోయాడు, వరప్రసాద్ తర్వాత ఉద్యోగం మారిపోయాడు. మిషన్లు మారినా సర్వర్లో ఆ వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది.

"నేనే కొట్టిన," అన్నాడు తిరుమలేశ్.

నిహారిక ఆ మాటని పట్టుకుని లాగలేదు. చొక్కాని ఒకసారి తిరగేస్తే లోపలిది బయటికి వస్తుంది, రెండోసారి తిరగేస్తే మళ్ళీ మొదటిలాగే అవుతుంది కదా, ఇదీ అంతేనని చెప్పింది. పొద్దున లాగిన్ అవ్వగానే ఈ వాక్యం మీటల్ని ఒకసారి తిప్పుతోంది, ముందురోజు నొక్కి వెళ్ళిన ఎడమ బొత్తం ఇంకోసారి తిప్పుతోంది. అందుకని తారుమారు. అతను బొత్తం మార్చగానే ఒక్క తిప్పుడే మిగిలి బాగవుతోంది. మిగతావాళ్ళవి పెన్నులు గనక ఈ సంగతి ఇంకెవరికీ తెలియలేదు.

"మరి తినొచ్చేసరికి?"

"కొత్తది ఎక్కించాక, ఎవరూ కాసేపు కదపకపోతే మిషన్ నిద్రపోయేలా పెట్టారండీ. గది మరీ వేడెక్కుతోందని సారే పెట్టమన్నారు. నిద్రలేచేటప్పుడు మౌస్ కొత్తగా తగిలించినట్టు లెక్క. అప్పుడు ఈ వాక్యం మళ్ళీ నడవదు, బొత్తం ఒక్కటే మిగులుతుంది. అది కుడి మీద ఉంది."

అంటే అతను లేచి వెళ్ళడమే దానికి కారణం. కుర్చీలో కూర్చుని కాపలా కాసిన రోజున మిషన్ నిద్రపోలేదు, అందుకే ఏమీ మారలేదు. తన కాపలాకి భయపడి ఆగింది ఆ పిల్ల కాదు. భయపడేందుకు అక్కడ ఎవరూ లేరు.

నిహారిక ఆ వాక్యం నడవకుండా ఆపించి, ఎడమ బొత్తం నొక్కించి, మిషన్‌ని ఒకసారి ఆపి తెరిపించింది. తర్వాత నిద్రపుచ్చి లేపించింది. మౌస్ కదల్లేదు, మెదల్లేదు, అతని ఎడమచేతి కింద చెప్పిన మాట వింది. తిరుమలేశ్‌కి సంతోషం కలగలేదు. థాంక్స్ కూడా చెప్పకుండా లేచి నేరుగా రవిచంద్ర గదిలోకి వెళ్ళాడు.

"సార్, గా పిల్ల ఏం చెయ్యలే. నా పాత సెట్టింగే కొత్తదాంతోని కొట్లాడుతున్నది. అది పెట్టింది గూడ నేనే."

"చూశానన్నారు కదండీ?"

"చూడలే. అబద్ధం చెప్పిన."

రవిచంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన అరిచినా బాగుండేది. అరవలేదు. "నిన్న సాయంత్రం మీరు వెళ్ళగానే ఆ అమ్మాయిని పిలిచి చెప్పేశానండీ. మీరు చూశారని కూడా చెప్పాను," అన్నాడు.

అంటే ఆ పిల్లకి నిన్న సాయంత్రమే తెలుసా? అన్నీ తెలిసే, ఎవరి నోటివల్ల తన తిండి పోయిందో తెలిసే, చేతులు చున్నీలో చుట్టుకుని అక్షరం అక్షరం చెప్పిందా?

"ఆమెని తియ్యొద్దు సార్. తియ్యాలంటే నన్ను తియ్యిండ్రి."

"సినిమా రిలీజ్ పెట్టుకుని నేను ఎవర్నీ తియ్యను. తనని ఉండమని చెప్పండి. మీరే చెప్పండి, నేను రాను," అన్నాడు రవిచంద్ర, ఇక వెళ్ళమన్నట్టు ఫోన్ అందుకుంటూ.

అతను బయటికి వచ్చేసరికి నిహారిక బల్ల మీది సామాను సర్దుకుంటోంది. నీళ్ళ సీసా, ఛార్జరు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. ఆమె తెర మీద కిటికీ ఈసారి మూసి లేదు. తను చేసిన షాట్లన్నీ వరుసగా కూర్చుకున్న చిన్న వీడియో అది, వేరేచోట పని వెతుక్కునేవాళ్ళు చూపించుకునేది. పాపం, పనిలో చేరినప్పటినుంచీ దాచుకుంటూ కూర్చుకున్నట్టుంది.

"నీకు నిన్ననే ఎరుకనా?" అన్నాడు.

"తెలుసు అంకుల్."

"మరి నా దగ్గర ఎందుకు కూసున్నవ్ బిడ్డా?"

ఆమె ఛార్జరు వైరు చుడుతూనే చెప్పింది. "నేను ఊరికే వెళ్ళిపోతే, నేనే చేశానని మీరు ఎప్పటికీ నమ్ముతారు కదండీ. ఎక్కడో ఒక మనిషి నన్ను దొంగ అనుకుంటూ బతుకుతున్నాడంటే నాకు నిద్ర పట్టదు."

తిరుమలేశ్‌కి కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. సార్‌తో అంతా చెప్పానని, తను అబద్ధమాడానని ఒప్పుకున్నానని, ఆమెని ఉండమన్నారని గబగబా చెప్పాడు.

నిహారిక చేతులు ఆగాయి. తలెత్తి అతని మొహం చూసింది. కళ్ళు చూసింది, నోరు చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని గుమ్మం వైపు చూసింది. ఈ మనిషి మళ్ళీ ఏం పన్నాగం పన్నాడా అని వెతుకుతున్న చూపు అది. ఆ చూపు ఏమిటో తిరుమలేశ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. బతుకంతా లోకం మీద తను పారించిన చూపే, ఇప్పుడు మొదటిసారి తన మీద పడింది. నిజం చెబుతున్నానని చూపించుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు.

"మీ మాట మీద ఉండలేను అంకుల్. సార్‌నే అడుగుతాను," అంది ఆమె ఫోన్ తీస్తూ.

"అడుగు బిడ్డా, అడుగు," అన్నాడు తిరుమలేశ్. ఆమె మాట్లాడేది వినపడకుండా మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డాడు.